వరుసల ఉన్నది

సోహార్ పారిశ్రామికవాడల మా ఆఫీసు:
రెండు గదులు, రెండు కంప్యూటర్లు, ఒక్క ప్రింటర్.
లైసెన్సుకు పైసలెందుకు దండుగని అర్బాబ్
రెండిట్లనూ లినక్సే ఎక్కించమన్నడు.
ప్రింటర్ ముంగటి గదిల, జిషా బల్ల మీద.
నేను వెనుక గదిల, సిమెంటు బిల్లుల నడుమ.
మధ్యల గోడ,
గోడకు చిల్లు పొడిచి గుంజిన నీలి తీగ.

రోజూ అయితే పెన్‌డ్రైవ్ పట్టుకొని జిషా దగ్గరికే పోత.
ఇయ్యాల ఆమె మస్కట్ పోయింది, తెరకు తాళమేసి.
రేపు విమానమెక్కేటోళ్ళు ఏడుగురు,
నాలుగు గంటల లోపల ఏడు కాయితాల మీద సంతకం పడాలె.
ఇక్కడ మీట నొక్కితె
"వరుసల ఉన్నది" అంటది తెర.
ఎవరి ఎనుక, ఎంతసేపు, అది చెప్పదు.

మొదాలు ఎవ్వలైన చేసేదే నేనూ చేసిన:
తీగలు పీకి, ఊది, మళ్ళ పెట్టిన.
బిష్ణు టోనరు డబ్బను బయటికి తీసి
పసిపిల్లను ఊపినట్టు ఊపిండు.
నల్ల కిటికీ తెరిచి
అవతలి యంత్రాన్ని దాని అంకెతోని పిలిచిన.
పలికింది. పిలిచిన ప్రతిసారి పలికింది.
ఆరువందల ముప్పైఒకటో తలుపు తట్టిన,
గొళ్ళెం లేదు, తెరిచే ఉన్నది.
ప్రింటు పనిని నిలిపి మళ్ళ లేపిన.
వరుసల ఉన్నది.

ఇగ లాగ్ విప్పిన. చీమల బారు.
ఆ బారుల ఒకటే మాట, వందల సార్లు:
సులేమాన్ దొరకలేదు.
సులేమాన్ దొరకలేదు.

కన్నూరాయన. పదకొండేండ్లు జిషా కుర్చీల కూసున్నడు,
యంత్రానికి తన పేరే పెట్టుకున్నడు.
బక్రీదుకు ముందు కాంట్రాక్టు అయిపోయి
ఒక సూట్‌కేసు, రెండు డబ్బల ఖర్జూరాలతోని పోయిండు.
పైకే అన్నట్టున్న, "సులేమాన్ ఏడి?" అని.
బిష్ణు గ్లాసెడు సులేమానీ తెచ్చి
బల్ల మీద పెట్టిండు.

జిషాకు ఫోన్ చేసిన.
"అదా? రోజూ పొద్దున పోయినాయన పేరు చూడబుద్ధిగాక
నేనే 'కౌంటర్' అని మార్చిన" అన్నది.
మార్చినట్టు గోడ ఇవతలికి ఎవ్వలు చెప్పలేదు.
అంకెతో పిలిస్తె పలుకుతది, పేరుతో పిలిస్తె లేడు.
క్యాంపుల మా సంగతీ గంతే, చాయ తాగుకుంట అనుకున్న.

ఒక్క లైనుల పాత పేరు కొట్టేసి కొత్తది రాసిన.
గోడ అవతల ప్రింటర్ గొంతు సవరించుకున్నది.
ఉరికిన.

ఏడు రావాలె. ఎనిమిది వచ్చినయి.
మొదాలు వచ్చింది అన్నిటి అడుగున ఉన్నది, ఇంక వెచ్చగ:
జూన్ పదకొండు. లింబాద్రి, షట్టరింగు కార్పెంటర్,
క్యాంపు బి, గది తొమ్మిది.
ఏసీ నీళ్ళు రాత్రంత మంచం మీద కారుతున్నయి,
దయచేసి వేరే గదికి మార్చగలరు.

నేను కొట్టినయే ఆ అక్షరాలు.
అతను చెప్పుకుంట పోతె "దయచేసి" నేనే కలిపిన.
మీట నొక్కి, తెర దిక్కు సుత చూడకుండ అన్న:
"పోయింది తమ్మీ, మేనేజర్ దగ్గరికి పోయింది."
మూడుసార్లు అడిగిండు, మూడుసార్లు అదే చెప్పిన.
నాలుగోసారి అడగలేదు.
ఇప్పుడు అక్టోబర్.

ఏడుగురి కాయితాలు మూడున్నరకే సంతకమైనయి.
ఎనిమిదోది మడిచి జేబుల పెట్టుకొని
మాపటికి క్యాంపు బి కి పోయిన.

లింబాద్రి మంచం మూరెడు జరిపి ఏసుకున్నడు.
చుక్క పడే తావుల పెయింటు డబ్బ,
డబ్బల మన్ను,
మన్నుల పుదీన, గుబురుగ.
కాయితం రెండుసార్లు చదివిండు.
నన్ను ఏమనలేదు.
ఒక ఆకు తెంపి వేళ్ళ నడుమ నలుపుకుంట అడిగిండు:
"కొత్త గదిల ఏసీ
కారుతదా అన్నా, కారదా?"